కొన్నవారు, వదులుకున్నవారు: హైదరాబాద్ ఐపీఎల్ జట్టు వేలం పనితీరుపై తిరుపతి నుంచి ఒక సమీక్ష

మా ఇంటి బీరువాలో రెండు నారింజ రంగు జెర్సీలు మడతపెట్టి ఉన్నాయి. ఒకదాని వీపు మీద ఆస్ట్రేలియా బ్యాటర్ డేవిడ్ వార్నర్ పేరు, రెండోదాని మీద అఫ్గాన్ లెగ్‌స్పిన్నర్ రషీద్ ఖాన్ పేరు ఉన్నాయి. మొదటిది 2016లో హైదరాబాద్ జట్టు కప్పు గెలిచిన వారానికే తిరుపతి గాంధీ రోడ్డులోని ఒక ఆటవస్తువుల దుకాణంలో నాకోసం కొనుక్కున్నాను. రెండోది 2019 వేసవి సెలవుల్లో, లెగ్‌స్పిన్ నేర్చుకుంటానని పట్టుబట్టిన మా అబ్బాయికి కొనిపెట్టాను. 2021 నవంబరు ముగిసేనాటికి ఆ ఆటగాళ్లిద్దరూ హైదరాబాద్ జట్టులో లేరు. వారికి వయసు మీద పడలేదు, గాయాలూ కాలేదు. జట్టు యాజమాన్యం వారిని అట్టిపెట్టుకోలేదు, అంతే.

ఐపీఎల్ జట్టును అభిమానించేవాడు ఒక విధంగా వినియోగదారుడు. టికెట్టుకు, జెర్సీకి, ప్రసార యాప్ చందాకు డబ్బు చెల్లిస్తాడు. వాటన్నిటికంటే విలువైన రెండు నెలల సాయంత్రాలను ధారపోస్తాడు. అందుకు బదులుగా యాజమాన్యం అతనికి అందించాల్సిన సేవ ప్రధానంగా ఒకటే: వేలంలో మంచి ఆటగాళ్లను ఎంచుకోవడం, ఎంచుకున్నవారిలో మేలైనవారిని చేజారనివ్వకుండా కాపాడుకోవడం. మైదానంలో క్యాచ్ జారవిడిస్తే ఆటగాడిని అనవచ్చు గాని, ఆ ఆటగాడు అసలు ఏ జట్టు రంగు తొడుక్కుని నిలబడ్డాడన్నది యాజమాన్యం చేతిలోని పని. 2008 నుంచి 2025 వరకు హైదరాబాద్ జట్టు ఆ పనిని ఎలా నిర్వర్తించిందన్నదే ఇక్కడ నా సమీక్షాంశం. మొదటి ఐదేళ్లు డెక్కన్ ఛార్జర్స్, 2013 నుంచి సన్‌రైజర్స్; యాజమాన్యాలు వేరు, జట్లు చట్టరీత్యా వేరు. అయినా తిరుపతిలో కూర్చుని చూసే నాబోటివాడికి నగరం ఒక్కటే, ఉప్పల్ మైదానం ఒక్కటే, పొరపాటు కూడా చాలావరకు ఒక్కటే కాబట్టి రెండింటినీ కలిపే చూస్తున్నాను.

మా ఊరి పరిస్థితి కొంచెం చెప్పాలి. తిరుపతి నుంచి హైదరాబాద్‌కు వెళ్లాలంటే నారాయణాద్రి రైల్లో ఒక రాత్రి గడపాలి. చెన్నైకైతే పొద్దున్నే బస్సెక్కి పుత్తూరు, నగరి దాటుకుంటూ పోతే మధ్యాహ్న భోజనం వేళకు చేరిపోవచ్చు. చిత్తూరు, నగరి, పుత్తూరు వైపు చుట్టరికాలు, వ్యాపారాలు, ఆసుపత్రి పనులు అన్నీ చెన్నైతోనే ముడిపడి ఉంటాయి. అందువల్ల మా వైపు వేసవి వచ్చిందంటే నారింజ రంగు ఎంత కనబడుతుందో పసుపు రంగు అంతకంటే ఎక్కువే కనబడుతుంది. చిత్తూరులో ఉండే మా బావ మొదటి ఏడాది నుంచీ చెన్నై అభిమాని. నేను మాత్రం తెలుగు నగరం పేరున్న జట్టునే పట్టుకుని ఉన్నాను. ఈ సమీక్షలో చెన్నైతో పోలిక పదేపదే వస్తే దానికి కారణం ఇదే. మాకు ఇది పక్కింటితో పోల్చుకోవడం వంటిది.

2008 ఫిబ్రవరిలో ముంబయిలో జరిగిన మొదటి వేలంలో డెక్కన్ ఛార్జర్స్ ధైర్యంగా ఖర్చుపెట్టింది. ఆండ్రూ సైమండ్స్‌కు 13.5 లక్షల డాలర్లు ఇచ్చింది. ఆ ఏడాది విదేశీ ఆటగాళ్లలో అదే అత్యధిక ధర. స్థానికుడైన వి.వి.ఎస్. లక్ష్మణ్ వేలం లేకుండానే సొంత నగర జట్టులో అందరికంటే ఎక్కువ జీతం దక్కించే తన ఐకాన్ హోదాను వదులుకుని, వేలంలో ఖర్చు చేయడానికి జట్టుకు వెసులుబాటు కల్పించారు. ఆ డబ్బుతో కొన్న సైమండ్స్ ఉప్పల్‌లో రాజస్థాన్‌పై 117 పరుగులతో అజేయంగా నిలిచి అద్భుతంగా ఆడాడు గాని, ఆస్ట్రేలియా జట్టు పర్యటన కోసం సీజన్ మధ్యలోనే వెళ్లిపోయాడు. 6.75 లక్షల డాలర్లకు తెచ్చిన షాహిద్ అఫ్రిదీ పది మ్యాచ్‌లలో 81 పరుగులు చేశాడు. పద్నాలుగు మ్యాచ్‌లలో రెండే గెలిచి జట్టు అట్టడుగున నిలిచింది. అంతర్జాతీయ షెడ్యూలు చూసుకోకుండా పేరును బట్టి ధర కట్టడం ఆనాటి పొరపాటు. అయితే ఆ పొరపాటు ఒక్క డెక్కన్‌ది మాత్రమే కాదు, లీగ్ కొత్తది, అందరూ నేర్చుకుంటున్న కాలమది. పైగా మరుసటి ఏడాదే గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో, దక్షిణాఫ్రికా గడ్డపై అదే జట్టు బెంగళూరును ఆరు పరుగుల తేడాతో ఓడించి కప్పు గెలిచింది. ఇరవై మూడు వికెట్లతో, అత్యధిక వికెట్లకిచ్చే పర్పుల్ క్యాప్ అందుకున్న ఆర్.పి. సింగ్ కూడా మొదటి వేలంలో కొన్నవాడే. కొనుగోలులో తప్పులు ఎన్ని ఉన్నా ఏడాదిలో సర్దుకోవచ్చునని హైదరాబాద్ ఆనాడే చూపించింది.

సర్దుకోలేనిది 2011లో జరిగింది. ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు ఆగాలనుకుంటున్నాను, ఎందుకంటే ఐపీఎల్ చరిత్రలో ఏ జట్టు అయినా చేసుకున్న నష్టాలలో ఇంతకంటే పెద్దది నాకు కనబడదు.

రోహిత్ శర్మను డెక్కన్ 2008లో 7.5 లక్షల డాలర్లకు కొన్నది. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు. మొదటి సీజన్‌లో జట్టు కుప్పకూలుతున్నా 404 పరుగులు చేశాడు. 2009లో కప్పు గెలిచిన జట్టులో బ్యాటుతో పాటు బంతితోనూ నిలబడ్డాడు. సెంచూరియన్‌లో ముంబయి ఇండియన్స్ మీద హ్యాట్రిక్‌తో సహా ఆరు పరుగులకు నాలుగు వికెట్లు తీశాడు. 2011 వేలానికి ముందు ప్రతి జట్టు నలుగురి వరకు ఆటగాళ్లను వేలానికి వదలకుండా అట్టిపెట్టుకోవచ్చునన్నది నిబంధన. చెన్నై ధోనీ, రైనా, మురళీ విజయ్, మోర్కెల్‌లను అట్టిపెట్టుకున్నది. ముంబయి సచిన్, హర్భజన్, పొలార్డ్, మలింగలను అట్టిపెట్టుకున్నది. బెంగళూరు ఒక్క కోహ్లీని మాత్రం గట్టిగా పట్టుకున్నది. డెక్కన్ ఛార్జర్స్ ఒక్కరినీ అట్టిపెట్టుకోలేదు. రెండేళ్ల క్రితం కప్పు గెలిచిన జట్టు మొత్తంగా విడిపోయింది. గిల్‌క్రిస్ట్ పంజాబ్‌కు వెళ్లాడు, రోహిత్‌ను ముంబయి 20 లక్షల డాలర్లకు తీసుకున్నది. తాను హ్యాట్రిక్ తీసిన జట్టుకే అతడు వెళ్లాడు. 2013 సీజన్ మధ్యలో పాంటింగ్ నుంచి పగ్గాలు అందుకుని 2013, 2015, 2017, 2019, 2020 సంవత్సరాలలో ఆ జట్టుకు ఐదు కప్పులు తెచ్చిపెట్టాడు.

పెంపకం విషయం మా బావకు బాగా తెలుసు, వాళ్లింట్లో ఎప్పుడూ నాలుగైదు పశువులుంటాయి. 2013 ఫైనల్ చూస్తున్న రాత్రి ఆయన ఫోనులో ఒకే మాట అన్నాడు: "పెయ్యను మేపి మేపి, ఈనే ముందర సంతకు తోలేసినారు బావా మీవాళ్లు." ఓడింది ఆ రోజు వాళ్ల చెన్నై, అయినా ఆయన బాధపడింది నా జట్టు కోసం.

న్యాయంగా చెప్పాలంటే 2011లో ఎవరినీ అట్టిపెట్టుకోని జట్లు ఇంకా ఉన్నాయి. కోల్‌కతా కూడా అందరినీ వదిలి, వేలంలో గంభీర్‌ను భారీ ధరకు తెచ్చుకుని, మరుసటి ఏడాదే కప్పు గెలిచింది. కాబట్టి అందరినీ వదలడమే తప్పని అనలేము. అయితే కోల్‌కతా వదిలినవారిలో రోహిత్ వంటి ఇరవై మూడేళ్ల బ్యాటర్ లేడు. డెక్కన్ ఆ తరువాతి రెండు సీజన్లలోనూ ప్లేఆఫ్ చేరలేదు. 2012లో ఆ జట్టు లీగ్ నుంచే తొలగిపోయింది. అదే ఏడాది అక్టోబరులో సన్ టీవీ సంస్థ ఏడాదికి 85.05 కోట్ల రూపాయల చొప్పున హైదరాబాద్ హక్కులు తీసుకున్నది.

సన్‌రైజర్స్ తొలి ఐదేళ్ల కొనుగోళ్లను మెచ్చుకోకుండా ఉండలేను. 2014 వేలంలో 5.5 కోట్లకు వార్నర్, 4.25 కోట్లకు భువనేశ్వర్ కుమార్ వచ్చారు. వార్నర్ ఈ జట్టు తరఫున నాలుగు వేలకు పైగా పరుగులు చేసి 2015, 2017, 2019లలో అత్యధిక పరుగులకిచ్చే ఆరెంజ్ క్యాప్ పెట్టుకున్నాడు. భువనేశ్వర్ 2016, 2017లలో వరుసగా పర్పుల్ క్యాప్ అందుకున్నాడు. 2016లో ముస్తాఫిజుర్ 1.4 కోట్లకు, 2017లో రషీద్ ఖాన్ 4 కోట్లకు దొరికారు. బౌలింగును పునాదిగా వేసుకుని జట్టు కట్టాలన్న స్పష్టమైన ఆలోచన ఆ కొనుగోళ్లలో కనబడుతుంది. 2016 మే 29న బెంగళూరులో బెంగళూరు మీదనే ఎనిమిది పరుగుల తేడాతో గెలిచిన కప్పు ఆ ఆలోచనకు దక్కిన ఫలం.

ఆ మంచి కాలంలోనే చేతికందినవారు జారిపోవడం మాత్రం ఆగలేదు. కె.ఎల్. రాహుల్ 2014, 2015 సీజన్లు ఇక్కడే ఆడాడు, తరువాత బెంగళూరుకు బదిలీ అయ్యాడు. మహమ్మద్ సిరాజ్ విషయం నాకు ఇంకా కష్టంగా ఉంటుంది. హైదరాబాద్‌లో ఆటోడ్రైవర్ కుమారుడు, ఆ గల్లీల్లో టెన్నిస్ బంతితో ఎదిగినవాడు. 2017 వేలంలో 2.6 కోట్లకు సన్‌రైజర్స్ అతన్ని కొన్నప్పుడు తెలుగు పత్రికలన్నీ సంబరపడ్డాయి. ఆరు మ్యాచ్‌లలో పది వికెట్లు తీశాడు. మరుసటి వేలంలో అదే 2.6 కోట్లకు బెంగళూరు తీసుకుపోయింది. సొంత ఊరి జట్టుకు అతని మీద పెట్టుబడి ఒక్క ఏడాదితో ముగిసింది. 2025 ఏప్రిల్ 6న గుజరాత్ తరఫున ఉప్పల్‌కు వచ్చిన సిరాజ్ 17 పరుగులకు నాలుగు వికెట్లు తీసి హైదరాబాద్‌ను కూల్చాడు. పుట్టిన ఊరి ప్రేక్షకులు ఎవరి కోసం చప్పట్లు కొట్టాలో తేల్చుకోలేని సాయంత్రమది.

అన్ని మార్పిడులనూ ఒకే గాటన కట్టడం సరికాదు. 2018 నవంబరులో శిఖర్ ధావన్‌ను ఢిల్లీకి ఇచ్చి విజయ్ శంకర్‌ను, షాబాజ్ నదీమ్‌ను, 55 లక్షల ధర పలికిన అభిషేక్ శర్మ అనే పద్దెనిమిదేళ్ల కుర్రవాడిని తెచ్చుకున్నారు. ఆ వెంటనే ధావన్ ఢిల్లీకి 2019లో 521, 2020లో 618 పరుగులు చేయడంతో మూడేళ్ల పాటు దీనిని నష్టాల ఖాతాలోనే రాసుకున్నాను. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకోవాలి. శంకర్, నదీమ్ వెళ్లిపోయారు గాని, ఆ మూటలో చివరన వచ్చిన కుర్రవాడే జట్టుకు నేడు ఆధారం. 2022లో అతన్ని 6.5 కోట్లు పెట్టి తిరిగి తెచ్చుకోవడం, ఆ తరువాత ఓపికగా అవకాశాలివ్వడం, హైదరాబాద్ యాజమాన్యం చేసిన మంచి పనులలో ముందు చెప్పదగినవి.

ఇక 2021. మే 1న సీజన్ మధ్యలో వార్నర్‌ను కెప్టెన్సీ నుంచి తప్పించారు. మరునాడు రాజస్థాన్‌తో ఆడిన తుది జట్టులోనూ చోటివ్వలేదు. ఆరు మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచిన కెప్టెన్‌ను మార్చడం నేను అర్థం చేసుకోగలను. బ్యాటర్‌గా అతనికి గడ్డుకాలం నడుస్తున్నదీ నిజమే. కాని కప్పు తెచ్చిన నాయకుడు నీళ్ల సీసాలు మోయడం, సీజన్ చివరిలో గ్యాలరీలో కూర్చుని జట్టు జెండా ఊపడం చూసిన అభిమానికి ఆ యాజమాన్యం మీద నమ్మకం ఎలా నిలుస్తుంది? అదే ఏడాది నవంబరులో టీ20 ప్రపంచకప్‌లో 289 పరుగులు చేసి వార్నర్ టోర్నీ ఉత్తమ ఆటగాడయ్యాడు. అది జరిగిన రెండు వారాలకే అట్టిపెట్టుకునే ఆటగాళ్ల పేర్లు వెలువడ్డాయి: విలియమ్సన్ 14 కోట్లు, ఉమ్రాన్ మాలిక్ 4 కోట్లు, అబ్దుల్ సమద్ 4 కోట్లు. వార్నర్ లేడు. ఐదు సీజన్లలో 93 వికెట్లు తీసిన రషీద్ లేడు.

ఒక్క క్షణం లెక్క చూద్దాం, ఎందుకంటే ఈ సేవలోని లోపం లెక్కలోనే బయటపడుతుంది. ఆ ఏడాది ఒక్కో జట్టుకు పర్సు, అంటే ఆటగాళ్ల మీద ఖర్చుపెట్టగల మొత్తం, 90 కోట్లు. నలుగురిని అట్టిపెట్టుకునే వీలుండగా ముగ్గురితో ఆపి, 68 కోట్లతో వేలానికి వెళ్లారు. అంటే ఒక స్థానం ఖాళీగానే వదిలారు. కొత్తగా చేరిన గుజరాత్ 15 కోట్లకు రషీద్‌ను తీసుకున్నది. హైదరాబాద్ మిగుల్చుకున్న డబ్బుతో నికొలస్ పూరన్‌కు 10.75 కోట్లు, రొమారియో షెపర్డ్‌కు 7.75 కోట్లు పెట్టింది. అంటే ఇద్దరికీ కలిపి 18.5 కోట్లు. షెపర్డ్ ఆ సీజన్‌లో మూడు మ్యాచ్‌లు ఆడాడు. 14 కోట్ల విలియమ్సన్ 13 మ్యాచ్‌లలో 216 పరుగులు చేశాడు. అతడు గొప్ప బ్యాటర్ అనడంలో నాకు ఏమాత్రం సందేహం లేదు, కాని టీ20లో జట్టు మొదటి పెట్టుబడిగా అతన్ని ఎంచుకోవడం లెక్క తప్పిన నిర్ణయం. వేలం ముగిసిన కొద్దిరోజులకే సహాయ కోచ్ సైమన్ కటిచ్ తప్పుకున్నారు. వేలం జరిపిన తీరు మీద భిన్నాభిప్రాయమే కారణమని పత్రికల్లో వచ్చింది.

ఆ నిర్ణయాలన్నిటికీ జవాబు 2022లో ఎనిమిది రోజుల వ్యవధిలో వచ్చింది. ఏప్రిల్ 27న ముంబయి వాంఖడే మైదానంలో గుజరాత్‌తో మ్యాచ్. అప్పటికి హైదరాబాద్ వరుసగా ఐదు గెలిచి ఊపు మీద ఉంది. శశాంక్ సింగ్ అనే ఆటగాడు చివర్లో ఆరు బంతుల్లో 25 పరుగులు చేయగా స్కోరు 195కు చేరింది. అట్టిపెట్టుకున్న ఉమ్రాన్ మాలిక్ 25 పరుగులకు ఐదు వికెట్లు తీశాడు. మా ఇంట్లో అందరం నిశ్చింతగా ఉన్నాం. చివరి ఓవర్లో గుజరాత్‌కు 22 పరుగులు కావాలి. అట్టిపెట్టుకోని రషీద్ ఖాన్, బ్యాటు పట్టుకుని, ఆ ఓవర్లో మూడు సిక్సర్లు కొట్టి, ఆఖరి బంతికి మ్యాచ్ లాగేసుకున్నాడు. తన పేరున్న జెర్సీ తొడుక్కుని కూర్చున్న మా అబ్బాయి ఏమీ మాట్లాడకుండా లేచి లోపలికి వెళ్లిపోయాడు. మే 5న ఢిల్లీ తరఫున వార్నర్ 58 బంతుల్లో 92 పరుగులతో అజేయంగా నిలిచి హైదరాబాద్‌ను ఓడించాడు. వరుసగా ఐదు గెలిచిన జట్టు వరుసగా ఐదు ఓడి ఎనిమిదో స్థానంలో మిగిలింది. ఆ సీజన్ చివరికి కప్పు ఎత్తినది రషీద్ ఉన్న గుజరాత్. ఆ వాంఖడే రాత్రి మనవైపు మెరిసిన శశాంక్ సింగ్‌నూ ఆ తరువాత వదిలేశారు. అతడు పంజాబ్‌లో స్థిరపడి 2025 ఫైనల్లో 61 పరుగులతో చివరిదాకా పోరాడాడు.

ఖరీదైన తప్పుడు కొనుగోళ్ల గురించి అందరూ ఎక్కువగా మాట్లాడతారు. నేను తక్కువే మాట్లాడతాను. 2023లో హ్యారీ బ్రూక్‌కు 13.25 కోట్లు పెట్టారు. ఈడెన్ గార్డెన్స్‌లో ఒక సెంచరీ చేశాడు. మిగిలిన పది మ్యాచ్‌లలో కలిపి 90 పరుగులే. మయాంక్ అగర్వాల్‌కు 8.25 కోట్లు. జట్టు పదో స్థానంలో, అంటే అట్టడుగున నిలిచింది. ఇవి కళ్లకు కొట్టొచ్చినట్టు కనబడే తప్పులు. కాని ఐపీఎల్ నిబంధనల ప్రకారం వదిలేసిన ఆటగాడి ధర తిరిగి పర్సులోకి వచ్చేస్తుంది. బ్రూక్‌ను వదిలారు, డబ్బు వచ్చింది, ఆ డబ్బు మరొకరికి పనికివచ్చింది. తప్పుడు కొనుగోలు ఒక సీజన్‌ను పాడుచేస్తుంది. చేతిలోని రషీద్‌ను వదులుకుంటే అతడు ఏళ్ల తరబడి ఎదుటి జట్టులో నిలబడి మన మీదే బంతి వేస్తాడు. హైదరాబాద్ యాజమాన్యం వేలం గదిలో పడే శ్రమలో సగమైనా అట్టిపెట్టుకునే పేర్లు రాసే రోజున పడి ఉంటే ఈ సమీక్ష వేరేగా ఉండేది.

అదే 2023 వేలంలో 5.25 కోట్లకు క్లాసెన్, 20 లక్షలకు విశాఖపట్నం కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డి వచ్చారన్నది మరచిపోకూడదు. ఆ తరువాత 2023 డిసెంబరు 19న దుబాయ్ వేలంలో చేసిన రెండు కొనుగోళ్లకు పూర్తి మార్కులు ఇస్తాను. సరిగ్గా నెల ముందు అహ్మదాబాద్‌లో ప్రపంచకప్ ఫైనల్ గెలిపించిన కెప్టెన్ కమిన్స్‌ను 20.5 కోట్లకు, ఆ ఫైనల్లో సెంచరీ చేసిన ట్రావిస్ హెడ్‌ను 6.8 కోట్లకు తీసుకున్నారు. కమిన్స్ ధర విని చాలామంది నోరెళ్లబెట్టారు, నేనూ వారిలో ఒకడిని. సీజన్ మొదలైన తరువాత మా అభ్యంతరాలు నిలవలేదు. ముంబయి మీద 277, బెంగళూరు మీద 287 పరుగులు. హెడ్, అభిషేక్ మొదటి ఆరు ఓవర్లలో ఆడే తీరు చూడడానికి మా వీధిలో చెన్నై అభిమానులు కూడా భోజనాలు త్వరగా ముగించుకునేవారు.

2024 మే 26న ఫైనల్ చెన్నైలోని చెపాక్ మైదానంలోనే కావడంతో మా అబ్బాయి, నేను, చిత్తూరు నుంచి బావ కలిసి వెళ్లాం. కోల్‌కతా తరఫున స్టార్క్ తొలి ఓవర్లోనే అభిషేక్ వికెట్ ఎగరగొట్టాడు. కమిన్స్ అత్యధిక ధర రికార్డును అదే దుబాయ్ వేలంలో, అదే మధ్యాహ్నం 24.75 కోట్లతో దాటినవాడు ఆ స్టార్కే. హైదరాబాద్ 113కు ఆలౌట్ అయింది. కోల్‌కతా పదిన్నర ఓవర్లలో ముగించింది. మేము తిరుగు బస్సు ఎక్కేసరికి ఇంకా రాత్రి చాలా మిగిలే ఉంది. బాధ కలిగింది గాని కోపం రాలేదు. ఆ ఓటమి ఆటలో వచ్చిన ఓటమి, కాగితం మీద ఏనాడో రాసుకున్నది కాదు. ఈ తేడా నాకు ముఖ్యం.

2025కు ముందు యాజమాన్యం మొదటిసారిగా నిలుపుకోవడంలో శ్రద్ధ చూపింది. 120 కోట్ల పర్సులో 75 కోట్లు వెచ్చించి క్లాసెన్, కమిన్స్, హెడ్, అభిషేక్, నితీశ్ ఐదుగురినీ అట్టిపెట్టుకున్నది. దాని మూల్యం బౌలింగు విభాగం చెల్లించింది. పదకొండేళ్లు ఈ జట్టుకు బంతి వేసిన భువనేశ్వర్ 10.75 కోట్లకు బెంగళూరుకు వెళ్లి, అక్కడ 17 వికెట్లు తీసి, ఆ జట్టు పద్దెనిమిదేళ్ల నిరీక్షణ ముగిసిన రోజున కప్పు పట్టుకున్నాడు. దాదాపు అంతే ధరకు, 10 కోట్లకు, హైదరాబాద్ మహమ్మద్ షమీని తెచ్చుకున్నది. షమీ భారత క్రికెట్‌లోని గొప్ప బౌలర్లలో ఒకడు. కాని గాయం నుంచి కోలుకుని వచ్చిన అతడు తొమ్మిది మ్యాచ్‌లలో ఆరు వికెట్లే తీశాడు, పంజాబ్‌తో మ్యాచ్‌లో నాలుగు ఓవర్లలో 75 పరుగులిచ్చాడు. ఆ తరువాత అతన్ని లక్నోకు బదిలీ చేశారు. తెలిసిన బౌలర్‌ను వదిలి, అదే డబ్బుతో తెలియని పరిస్థితిని కొనుక్కున్న వ్యవహారమిది. అదే పంజాబ్ మ్యాచ్‌లో 246 లక్ష్యాన్ని అభిషేక్ 55 బంతుల్లో 141 పరుగులు చేసి అందుకోవడం వల్ల ఆ రోజు ఈ సంగతి ఎవరికీ పట్టలేదు. పదేళ్ల కిందటి జట్టు బౌలింగుతో గెలిచేది, ఇప్పటిది బ్యాటింగుతో గెలుస్తుంది. ఈ మార్పు వల్లనే 2025లో ఆరో స్థానంతో సరిపెట్టుకోవలసి వచ్చిందని నా అభిప్రాయం.

ఈ సేవకు నేనిచ్చే మార్కులు ఇవి: కొనుగోళ్లకు ఐదుకు మూడున్నర, నిలుపుకోవడానికి ఐదుకు ఒకటిన్నర. 2024 తరువాతి కాలాన్ని మాత్రమే చూస్తే రెండో అంకెను రెండున్నర చేయడానికి అభ్యంతరం లేదు. తిరుపతి, చిత్తూరు వైపు కొత్తగా క్రికెట్ చూడడం మొదలుపెట్టిన పిల్లలు ఏ జట్టును ఎంచుకోవాలని అడిగితే, ఏళ్ల తరబడి అవే ముఖాలు చూడాలనుకునేవారికి ఇన్నాళ్లూ చెన్నైయే తగినదని ఒప్పుకుంటాను. ఉరకలెత్తే బ్యాటింగు, ఏటా కొత్త ఆశ కావాలంటే హైదరాబాద్ నిరాశపరచదు. జెర్సీ కొనేవారు మాత్రం నితీశ్, అభిషేక్ వంటి, జట్టు తన చేతుల మీదుగా పెంచి ధర పెట్టి నిలుపుకున్నవారి పేరును ఎంచుకుంటే మేలు.

2025 ఏప్రిల్ 25న మేము ముగ్గురం మళ్లీ చెపాక్ వెళ్లాం. 8 కోట్లకు కొన్న హర్షల్ పటేల్ 28 పరుగులకు నాలుగు వికెట్లు తీశాడు, చెన్నై 154కు ఆలౌటైంది, హైదరాబాద్ ఐదు వికెట్ల తేడాతో గెలిచింది. చెపాక్‌లో చెన్నై మీద హైదరాబాద్‌కు అదే మొదటి గెలుపు. నగరి దాటుతుండగా బావ నిద్రపోయాడు. మా అబ్బాయి మాత్రం మేలుకునే ఉండి, వచ్చే ఆదివారం గాంధీ రోడ్డుకు వెళదామని అడిగాడు. వెళ్లాం. బీరువాలో మూడో జెర్సీ చేరింది. దాని మీద అభిషేక్ పేరు ఉంది.